పిక్క మీది అంకె

విచారణ సాయంత్రం అయిదింటికి. గడియారంలో పదీ పది అయింది. డిటెక్టివ్ ఎస్. జనని చేతిలో ఆరు గంటల యాభై నిమిషాలున్నాయి, ఎదురుగా ఇరవై రెండు మెట్లున్నాయి.

ఒర్లియంపేటలో ఏలుమలై ఉండే మేడకి ఆ మెట్లే దారి. పదహారో మెట్టు దగ్గర జనని ఆగి, గోడ మీది కరెంటు మీటరుని చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నట్టు నటించింది. నలభై అయిదేళ్ళకే ఆమెకి వ్యాయామం అంటే ఆటో స్టాండు దాకా నడవడం. పైనుంచి ఏలుమలై తొంగి చూశాడు. ఆయన వయసు అరవై నాలుగు.

"మీటరు బాగానే తిరగతా ఉండాదిలేమ్మా," అన్నాడు. "నిదానంగా రా. తొందరేం లేదు."

తొందరంతా ఆయనదే. నాలుగు రోజుల కిందట, ఆదివారం, ఈ మనిషి సముద్రంలో మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు ఈదాడు. ఒడ్డుకొచ్చి సైకిలెక్కి కడలూరు రోడ్డు మీద నూట ఎనభై కిలోమీటర్లు తొక్కాడు. సైకిలు దిగి నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాడు. అంతా ఒకే రోజు, ఎక్కడా నడుం వాల్చకుండా, పద్నాలుగు గంటల నలభై అయిదు నిమిషాల్లో ముగించాడు. దాన్ని ట్రయథ్లాన్ అంటారు. తన వయసు విభాగంలో ఆయనే మొదటివాడు. ప్రపంచ పోటీకి పేరు పంపిస్తామన్నారు. సోమవారం మధ్యాహ్నానికల్లా అదే నోటితో దొంగ అన్నారు. ఈ సాయంత్రం కమిటీ ముందు తేలకపోతే ఆయన్ని జీవితాంతం నిషేధిస్తారు, పేరు పక్కన మోసం అన్న మాట ఉండిపోతుంది.

"మిల్లులో ముప్పై ఒక్క ఏండ్లు ఫిట్టరుగా ఉండినా," అన్నాడు ఏలుమలై, ఆమెకి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేస్తూ. "గేటులో దినమూ సోదా చేస్తారు. ఒక్క దినం గూడా నా జోబులో నట్టు దొరకలా. ఇప్పుడు ముప్పై కిలోమీటర్లు దొంగిలించినానంట."

జనని నోట్‌బుక్కు తెరిచింది. జాలిపడటానికి తరవాత టైముంటుంది.

"నీళ్ళలోంచి ఎన్నింటికి బయటపడ్డారన్నా?"

"ఏడూ ముప్పై అయిదు."

"సైకిలెక్కింది?"

"ఏడూ నలభై ఏడు."

"మధ్యలో పన్నెండు నిమిషాలు. పరుగు పందెంలో పన్నెండు నిమిషాలు ఏం చేశారు?"

"రెండు ఇడ్లీ తిన్నా. కాలి వేళ్ళ సందుల్లో తడి తుడుచుకున్నా. చిన్న పిలకాయలు తడికాళ్ళతోనే బూట్లు తొడుక్కొని పరిగెత్తేస్తారు. సాయంత్రానికి పుండ్లు పడి కుంటతారు. నేను పన్నెండు నిమిషాలు కూర్చున్నా గాబట్టే రాత్రి దాకా నిలబడినా."

"చుట్టుకి ఎంతసేపు?"

"డెబ్బై నిమిషాలు. ఈడ నుంచి కిరుమాంబాక్కం పదిహేను కిలోమీటర్లు, మళ్ళా వెనక్కి పదిహేను. అట్లా ఆరుసార్లు. ఏ చుట్టూ డెబ్బై రెండు దాటలా, అరవై తొమ్మిదికి తగ్గలా. కావాలంటే వాళ్ళ కాగితమే చూడు."

జనని చూసే వచ్చింది. ప్రతి పోటీదారు కాలికీ చిన్న చిప్పు కడతారు. రోడ్డు మీద పరిచిన మ్యాట్ దాటితే కంప్యూటర్లో టైము పడుతుంది. ఊరి వైపు మ్యాట్ మీద ఏలుమలై ఆరుసార్లూ ఉన్నాడు. కిరుమాంబాక్కం మలుపులో అయిదుసార్లే ఉన్నాడు. నాలుగో చుట్టులో, పదకొండూ యాభై రెండు ప్రాంతంలో పడాల్సిన టైము పడలేదు. అదొక్కటే అయితే ఇంత గొడవ లేదు. అలా టైము పడనివాళ్ళు మరో ముగ్గురున్నారు, వాళ్ళని క్షమించి వదిలేశారు. ఏలుమలై మీద మాత్రం సోమవారం ఎవరో ఒక ఫోటో పంపారు. ఏదో పేరులేని నంబరు నుంచి వచ్చింది. అందులో ఏముందో ఏలుమలైకీ చూపించలేదు, జననికీ చూపించలేదు.

"ఈ పిచ్చి మీకెప్పుడు పట్టిందన్నా?"

ఆ ప్రశ్నకి కేసుతో పని లేదు. ఆమెకి తెలుసుకోవాలనిపించింది.

"మిల్లు మూసినాక. అప్పుడు నాకు యాభై ఆరు. పొద్దున లేస్తే పోయేదానికి చోటు లేదు. పడుకునే ఉండేవాణ్ణి. షుగరు వొచ్చింది, ఒళ్ళు వొచ్చింది. డాక్టరు మా ఇంటామెతో, ఈ మనిషి అరవై చూడడు అన్యాడు. నాకు రోషమొచ్చింది. ఆ పొద్దు సాయంత్రం మిల్లు గేటు దాకా నడిచినా. మర్నాడు రెండుసార్లు." ఏలుమలై నవ్వాడు. "అరవై చూడనన్న డాక్టరు పోయినాడు. మా ఇంటామె గూడా పోయింది. నేనుండా."

ఈత ఆయనకి యాభై ఎనిమిదో ఏట వచ్చింది. నేర్పింది పడవల వాళ్ళు. మొదటి నెలంతా ఉప్పునీళ్ళు తాగడమే సరిపోయిందట. సైకిలు ఆయన స్వయంగా కట్టుకున్నది. ఫ్రేము ఒకచోట, చక్రాలు ఒకచోట పాతవి కొని, సీసా పెట్టుకునే చట్రం మిల్లులో నేర్చిన పనితనంతో ఇత్తడి రేకు వంచి తయారు చేసుకున్నాడు. ఊళ్ళోని కుర్రాళ్ళు కారు ఖరీదు చేసే సైకిళ్ళ మీద శక్తినిచ్చే ప్యాకెట్ల జిగురు మింగుతూ పోతుంటే, ఈయన ఉప్పేసిన రాగంబలి తాగుతూ వాళ్ళ వెనకే పోయాడు. చీకటి పడేసరికి వాళ్ళలో సగం మంది ముందుకి చేరాడు. జనని తన ఇరవై ఏళ్ళ వృత్తిలో చాలామంది అబద్ధాలకోర్లని చూసింది. ఎనిమిదేళ్ళు తెల్లవారుజామునే లేచి ఒళ్ళు వంచినవాడికి ముప్పై కిలోమీటర్లు ఎగ్గొట్టే బుద్ధి ఎలా పుడుతుందో ఆమెకి అంతుపట్టలేదు. ఈయన్ని చూస్తుంటే ఆమెకి గౌరవంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది.

ఆయన సైకిలు తుడవడానికి అటు తిరిగినప్పుడు ఎడమ పిక్క కనబడింది. ఎండకి నల్లబడ్డ చర్మం మీద లేత రంగులో రెండంకెలు తేలి ఉన్నాయి. అరవై అయిదు.

"అదేంటన్నా?"

"పోటీ పొద్దున మార్కరుతో రాస్తారు. దండచెయ్యి మీద నంబరు, పిక్క మీద వయసు. దినమంతా ఎండ గదా, సిరా పోయినా గుర్తు పోలా. ఇంకో వారం ఉంటాది."

"మీకు అరవై నాలుగే కదా?"

"నవంబరు దాకా అరవై నాలుగే. మా ఆటలో అట్లా లెక్కబెట్టరు. డిసెంబరు ముప్పై ఒకటికి ఎంత నిండుతాదో అదే వయసు. ఈ ఏడు జనవరి నుంచే నేను అరవై అయిదు. మాకు అది పండగమ్మా. కొత్త విభాగంలో మనమే చిన్నపిల్లోళ్ళం."

వయసు ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూసే మనుషులుంటారని జనని అప్పటిదాకా వినలేదు.

లోపలి నుంచి ఏలుమలై కూతురు సరణ్య డ్యూటీ బ్యాగు తగిలించుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక స్కానింగు సెంటరులో ఈసీజీ తీస్తుంది. తల్లి పోయాక ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే.

"నాయనా, షుగరు మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నాలే."

సరణ్య జనని వైపు చూడకుండానే అడిగింది. "నిషేధం పడితే ఏమవుతాది మేడమ్?"

"ఇంక ఏ పోటీలోనూ దిగనివ్వరు."

"పడితే పడనీండి. ఇంట్లో ఉంటాడు."

ఆమె టకటకా మెట్లు దిగిపోయింది. ఏలుమలై చేతిలో గుడ్డ ఒక క్షణం ఆగింది, మళ్ళీ చక్రం మీద తిరిగింది.

"దానికి ఈ ఆట పడదు," అన్నాడు. "అయినా ఆదివారం దినమంతా రోడ్డు పక్కనే నిలబడింది."

ఒంటి గంటకి జనని కిరుమాంబాక్కం మలుపులో రోడ్డు మీద గొంతుక్కూర్చుని ఉంది. మ్యాట్ తీసేసి నాలుగు రోజులైనా, దాన్ని అంటించిన నల్ల టేపు ముక్కలు తారుకి అతుక్కునే ఉన్నాయి. అవి రోడ్డుకి అడ్డంగా ఒక గీతలో ఉన్నాయి. ఆ గీత చివర నుంచి మరో వరస బయల్దేరింది, ఇది వైరు మీద వేసిన టేపు. జనని దాని వెంట నడిచింది. ముక్కలు రోడ్డు దాటాయి, కాలవ పలక దాటాయి, ఒక కూల్‌డ్రింకుల కొట్టు గుమ్మం దాటాయి, గోడ మీదుగా పాక్కుంటూ పోయి స్విచ్చు బోర్డు దగ్గర ఆగాయి. బోర్డుకి ఉన్నది ఒకే ప్లగ్గు. అందులో మిక్సీ ఉంది.

కొట్టు యజమాని రంగమ్మాళ్‌కి అరవై దాటి ఉంటాయి. జనని మజ్జిగ అడిగింది. రంగమ్మాళ్ పెరుగు, అల్లం, కరివేపాకు మిక్సీలో వేసి తిప్పింది. జనని గ్లాసు సగం ఖాళీ చేసి చల్లగా అడిగింది.

"అక్కా, ఆదివారం ఈ ప్లగ్గులో ఏముండింది?"

"ఆ పందెమోళ్ళ టైము డబ్బా."

"దినమంతానా?"

"దినమంతా."

"మరి మజ్జిగ ఎట్లా తిప్పినావు?"

రంగమ్మాళ్ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది. జనని వాచీ చూసుకుంటూ కూర్చుంది, తొందరపెట్టలేదు.

"రెండే జార్లమ్మా," అంది చివరికి. "ఎండ మాడతా ఉండె. చూసేదానికి వొచ్చినోళ్ళు మోరు, మజ్జిగ అని అరస్తా ఉండారు. వాళ్ళ మనిషి సోడా తాగేదానికి అవతలికి పోయినాడు. ఐదు నిమిషాలే గదా అని పీకి, మళ్ళా పెట్టేసినా. దానికేమన్నా అయిందా ఏంది?"

"ఎన్నింటికి?"

"పదకొండూముక్కాలు బస్సు పోయినాక."

జనని కాగితం తీసింది. ఆ మలుపులో ఒక టైము పదకొండూ నలభై ఎనిమిదికి పడింది. తరవాతది పదకొండూ యాభై ఏడుకి. తొమ్మిది నిమిషాల పాటు ఎవరి టైమూ లేదు. ఆ తొమ్మిది నిమిషాల్లో నలుగురు మలుపు తిరిగారు, వాళ్ళలో ఏలుమలై ఒకడు. కంప్యూటర్ని మోసం చేసింది రెండు జార్ల మజ్జిగ. కరెంటు పోతే ఆదుకోవాల్సిన బ్యాటరీ డబ్బాలో ఉంది, కానీ అది అరిగిపోయిందని ఎవరూ చూసుకోలేదు.

"ఆ టైములో ఒక పెద్దాయన పోయినాడా? సైకిలుకి ఇత్తడి రేకు ఉంటాది."

"పోకుండా ఏమి! ప్రతి తూరీ చెయ్యెత్తతాడు. మిక్సీ తిప్పతా ఉంటే, 'వదినా, ఉప్పు ఎచ్చుగా ఎయ్యి' అని అరిచి తిరుక్కొని పోయినాడు. ఆ ఎండలో నవ్వతా తొక్కేది ఆయప్ప ఒక్కడే."

"ఆ ముసలమ్మ సాక్ష్యం కమిటీ ముందు రెండు నిమిషాలు కూడా నిలవదు, జననీ."

గుమ్మంలో సుధాకరన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో తొమ్మిదేళ్ళు పనిచేశారు. జనని రాసిన రిపోర్టుల కింద సుధాకరన్ సంతకం ఉండేది. ఇప్పుడు పోటీ నిర్వాహకులు ఈ వ్యవహారం తేల్చడానికి పెట్టుకున్నది ఆయన్నే.

"ప్లగ్గు సంగతి నాకు మంగళవారమే తెలుసు," అన్నాడు, గ్లాసు వైపు చూసి. "నువ్వు గురువారానికి వచ్చావు. ఆ రోజుల్లోనూ అంతే."

"ఆ రోజుల్లో నేను ముందొచ్చి, మీరు ముందు సంతకం పెట్టేవారు. తెలిసి ఎందుకు దాచారు సార్?"

"దాచలేదు. ఆ ముగ్గురినీ అందుకే వదిలేశాం. మీవాణ్ణీ వదిలేసేవాళ్ళమే, ఇది రాకపోతే."

ఫైలులోంచి పెద్ద ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. చిన్న లోడ్ బండి వెనక భాగం. అందులో పడుకోబెట్టిన సైకిలు, దాని పక్కన బండి అంచు మీద ముఖం అటు తిప్పుకుని కూర్చున్న ముసలి మనిషి. పోటీ చొక్కా, హెల్మెట్టు, వేలాడుతున్న కాళ్ళు. వెనక కడలూరు రోడ్డు మైలురాయి.

"నాలుగో చుట్టులో ఊరి బయట బండెక్కాడు. గంటసేపు నడుం వాల్చాడు. టైము సరిపెట్టుకుని మళ్ళీ దిగాడు. చుట్టులన్నీ డెబ్బై నిమిషాలు వచ్చాయని నువ్వు మురిసిపోతున్నావు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. మనిషన్నవాడు గడియారంలా తొక్కుతాడా?"

"ఈయన తొక్కుతాడు. ముప్పై ఒక్క ఏళ్ళు సైరనుకి లేచి సైరనుకి పడుకున్న మనిషి."

"అభిమానం వేరు, ఆధారం వేరు. నీకు క్లయింటు నచ్చితే కళ్ళు మూసుకుపోతాయి."

"ఒక ఫోటో తీసుకోనా?"

"నాలుగు తీసుకో," అన్నాడు సుధాకరన్ ఉదారంగా.

జనని ప్రింటుని ఫోనులో తీసుకుంది. అలవాటు ప్రకారం ముందు క్లయింటుకే పంపింది, 'అన్నా, ఇది మీరేనా?' అని. ఆ తరవాతే ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూడటం మొదలుపెట్టింది. సైకిలుకి ఇత్తడి రేకు ఉంది. రేకు అంచున సుత్తి దెబ్బల గుర్తులు కూడా ఉన్నాయి. చొక్కా మీద నంబరు సరైనదే. దండచెయ్యి మీద నంబరూ సరైనదే. ఇంక కాళ్ళు చూసింది.

ఎడమ పిక్క మీద నల్లటి మార్కరుతో, ముచ్చటైన అంకెలతో, అరవై నాలుగు అని ఉంది.

ఆమె ఫోనుని సుధాకరన్ ముఖం ముందు పెట్టింది.

"ఇదేంటి సార్?"

"వయసు. ఏలుమలై వయసు అరవై నాలుగు. పుట్టిన తేదీ నా దగ్గరే ఉంది."

"పోటీ పొద్దున వయసులు రాసిన వాలంటీర్లతో మాట్లాడారా?"

"అవసరం రాలేదు."

"ఇప్పుడు మాట్లాడండి. ఈ ఆటలో డిసెంబరు ముప్పై ఒకటికి నిండే వయసు రాస్తారు. అరవై అయిదు విభాగంలో మొదటివాడని మీ నిర్వాహకులే మైకులో చెప్పారు కదా. అరవై నాలుగు వాడు అందులోకి ఎలా వస్తాడు? అసలు ఏలుమలై పిక్క మీద అరవై అయిదు ఇప్పటికీ ఎండకి అచ్చు పడి ఉంది. నా కళ్ళతో చూశాను. అయిదింటికి మీ కమిటీ ముందు ఆయన ప్యాంటు మోకాలి దాకా మడిస్తే చాలు."

సుధాకరన్ కాస్త పక్కకి వెళ్ళి ఫోను చేశాడు. "ఆ... రేసు ఏజా?... అందరికీనా?" అన్న ముక్కలు జననికి వినబడ్డాయి. తిరిగొచ్చాక ఆయన చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది కానీ ముఖం కాస్త నలిగింది.

"సరే. ఫోటోలో ఉన్నది ఇంకెవరో. మరి సైకిలు?"

"సైకిలు నిజమైనదే."

"చొక్కా?"

"అదీ నిజమైనదే."

"అప్పుడు నీ క్లయింటుకి తెలియకుండా జరిగిందని కమిటీ ఎందుకు నమ్మాలి?" సుధాకరన్ గొంతులో వెటకారం పోయింది, పాత పై అధికారి వచ్చాడు. "ఎవరు చేశారో పేరు తీసుకురా జననీ. పేరు, కారణం. ఆ రెండూ అయిదు లోపల వస్తే మచ్చ లేకుండా వదిలేయమని నేనే చెప్తాను. రాకపోతే ఈ అంకె ఒక్కటీ చాలదు."

అందులో న్యాయం ఉంది, అందుకే జననికి మరీ ఒళ్ళు మండింది.

బస్సులో తిరిగి వస్తూ ఆమె లెక్క వేసుకుంది. ఆ ఆట తెలిసిన వాళ్ళెవరూ అరవై నాలుగు రాయరు. ఆ ఆట తెలియనివాళ్ళకి పుట్టినరోజు తెలియదు. పుట్టినరోజు తెలిసి, ఆట రూలు తెలియక, సైకిలూ చొక్కా చేతికందే మనిషి కావాలి. పోటీ అయిన మర్నాడు ఏలుమలై తన జీవితంలో మొదటిసారి ఎనిమిది దాకా నిద్రపోయాడని పొద్దున ఆయనే చెప్పాడు. సైకిలు మెట్ల కింద గదిలో ఉంటుంది. దానికి తాళం చెవులు రెండు.

ఏలుమలైకి పంపిన ఫోటో కింద రెండు నీలం టిక్కులు పడ్డాయి. చూశాడు, జవాబు ఇవ్వలేదు. ఊళ్ళో దిగాక జనని రెండుసార్లు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

స్కానింగు సెంటరులో ఫోన్లు సైలెంటులో పెట్టాలని బోర్డు ఉంది. జనని పెట్టింది. లోపల పేషెంట్లు వరసగా ఉన్నారు. ఆమె ఎదురుచూసి సరణ్య ఎదురుగా కూర్చునేసరికి నాలుగయింది.

"ఫోటోలో కూర్చున్నది ఎవరమ్మా?"

సరణ్య ఈసీజీ వైర్లు చుట్టడం ఆపలేదు. "ఏ ఫోటో?"

"పిక్క మీద అరవై నాలుగు నువ్వే రాశావు. చేతిరాత బాగుంది. కానీ అది తప్పు. ఆదివారం మీ నాయన కాలి మీద ఉన్నది అరవై అయిదు."

"ఎందుకు అరవై అయిదు? నాయనకి అరవై నాలుగే గదా." ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేం ఒప్పుకుందో సరణ్యకి తెలియలేదు. వైర్లు చేతిలోంచి జారాయి. "దినమంతా చూసినానే నేను. కాలు చూడలా. నాయన ముఖమే చూస్తా ఉండినా."

జనని వంగి వైర్లు తీసి బల్ల మీద పెట్టింది.

"మా చిన్నాయన వీరాసామి," అంది సరణ్య. "నాయన తమ్ముడు. మేట్టుపాళయంలో లోడ్ బండి తోలతాడు. ఆయప్ప ఒప్పుకోలా. నేనే కాళ్ళు పట్టుకున్నా."

"ఎందుకు? ఆయనంటే కోపమా?"

సరణ్య సొరుగులోంచి ఒక కవరు తీసింది. "పోటీకి ముందు గురువారం నేనే ఈసీజీ తీసినా. ఊరికే, నా తృప్తికి. డాక్టరు లీవులో ఉండె. నేను ఫోనులో పంపింది ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చూసి నాకు ఫోను చేసినాడు. అప్పటికి నాయన పరిగెత్తతా ఉండాడు. గుండె కొట్టుకునేది ఉన్నట్టుండి తప్పుతాదంట. ఎప్పుడన్నా ఆగిపోవచ్చునంట. రోడ్డు మీద పడితే పక్కనోళ్ళు చూస్తారు, నీళ్ళలోకి మాత్రం మళ్ళా దిగనీవద్దు అన్యాడు. నేను ఆడ నిలబడి, ఇంగ పది కిలోమీటర్లు, ఇంగ అయిదు అని లెక్కబెట్టుకుంటా ఉండినా మేడమ్. నాయన నవ్వతా చెయ్యెత్తతా ఉండె. ఆపేదానికి నాకు నోరు రాలా."

"తరవాతైనా ఆయనకి చెప్పొచ్చు కదా?"

"ఒక డాక్టరు అరవై చూడవన్యాడని ఈ ఆట మొదలుపెట్టిన మనిషి. ఇంకో డాక్టరు చెప్తే వింటాడా? ఇంకో గంట ఎచ్చుగా ఈదతాడు. కానీ రూలంటే వింటాడు. మిల్లు గేటులో రూలు, ఇంట్లో రూలు. రావద్దని కాగితం ఇస్తే సైకిలు అమ్మేసి కూర్చుంటాడు. దొంగ అని పేరొస్తే రానీ అనుకున్నా. మనిషి ఉంటాడు గదా."

సరణ్య ఏడవలేదు. ఏడుస్తుందేమోనని జనని ఎదురుచూసింది, ఆ అమ్మాయి మాత్రం తండ్రి లాగే నిటారుగా కూర్చుంది. ఈ ఇంట్లో ఇద్దరూ మొండివాళ్ళే, ఇద్దరి మొండితనమూ ప్రేమే. ఇప్పుడు ఆమె దగ్గర పేరుంది, కారణముంది. ఆ రెండూ కమిటీకి ఇస్తే ఏలుమలై మంచి పేరు తిరిగొస్తుంది, కూతురి పేరు పోతుంది. ఇవ్వకపోతే ఆయన దొంగగా మిగులుతాడు.

"ముందు ఆయనకి ఈ రిపోర్టు చూపిద్దాం," అంది. "ఏం చెయ్యాలో ఆయన్నే తేల్చనీ."

ఫోను బయటికి తీసింది. ఏలుమలై నుంచి ఒక వాయిస్ మెసేజి వచ్చి ఉంది. జనని నొక్కింది. ముందు గాలి వినబడింది, దాని వెనక అలల హోరు.

"జననమ్మా, నువ్వు పంపించింది చూసినా. ఆ కాళ్ళు మా వీరాసామివి. వాడికి నడక నేర్పినవాణ్ణి, నాకు తెలీదా. సైకిలు గది తాళం చెవులు రెండే. ఒకటి నా దగ్గరుండాది. రెండోది ఎవురి దగ్గరుండాదో నేను చెప్పను, నువ్వు గూడా చెప్పొద్దు. పేరు కావాలంటే ఏలుమలై అనే రాసుకోమను. ఇన్నేండ్లు మంచి పేరుతో బతికినా, ఇంగ చాలు. నా బిడ్డ పేరు ఏ కాగితం మీదా పడకూడదు. ఎందుకు చేసిందో నాకు తెలీలా. కోపం లేదమ్మా. మనసే సరిగా లేదు. మనసు సరిగా లేకుంటే నాకు తెలిసింది ఒకటే పని. సముద్రంలో దిగతా ఉండా. చేతులు అలిసేదాకా ఈదుకొని వస్తా."

మెసేజి వచ్చింది నాలుగూ తొమ్మిదికి. గోడ మీద గడియారం నాలుగూ ఇరవై ఒకటి చూపిస్తోంది.

"పన్నెండు నిమిషాలు," అంది జనని.

సరణ్య అప్పటికే లేచి తలుపు దగ్గరుంది. ఈ ఆట పేరెత్తితేనే పడదన్న అమ్మాయి, వేళ్ళ మీద లెక్కపెట్టకుండా చెప్పింది.

"వంద మీటర్లకి రెండున్నర నిమిషాలు. ఈపాటికి అర కిలోమీటరు పోయుంటాడు మేడమ్. ఒడ్డు మీద నుంచి పిలిస్తే వినబడదు."